జాలు భూమిలో మా నాన్న తోట

మా నాన్న ఆ భూమిని ఏప్రిల్ నెలలో చూసి మెచ్చాడు. ఏప్రిల్‌లో మా సారపాక చుట్టుపక్కల ఏ భూమైనా ఒకే తీరుగా ఉంటుంది. ఎండకు పగిలి, నోరు తెరిచి, ఎవరినీ మోసం చేయడం తెలియనట్టు అమాయకంగా పడి ఉంటుంది. అమ్మకానికి పెట్టిన పెద్దమనిషి తెలివైనవాడు కాబట్టి జూలైలో రమ్మనలేదు. "ఏది పెట్టినా కాస్తది సార్, మీ ఇష్టం" అన్నాడట. నాన్న వంగి ఒక మట్టిపెళ్ల తీసి, చేతిలో నలిపి, వాసన చూసి, తల ఊపాడట. కాగితం మిల్లులో ఉద్యోగమంతా పైపులు బిగించిన మనిషికి ఆ వాసనలో ఏం తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నాన్న మిల్లులో ఫిట్టర్‌గా చేసి, గడువుకు ముందే రిటైర్మెంట్ తీసుకున్నాడు. నేను సత్తుపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. అంటే, కిరాయి గదిలో ఉంటూ, చెట్టును ఎన్నడూ తేరిపార చూడని పిల్లలకు, చెట్టును చూపించకుండా, చెట్టు గురించి చెప్పేదాన్ని. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తే, ఆదివారం పొద్దున చర్చి, చర్చి నుంచి వచ్చాక నాన్న భూమి. రెండు చోట్లా నమ్మకమే ముఖ్యం.

ఆ భూమి విషయంలో నాన్నకు ఒకే ఒక్క షరతు ఉండేది. అందులో వరి వేయకూడదు. మా తాత తల్లాడ దగ్గర పరాయివాళ్ల మడుల్లో బతుకంతా దిగబడిన కూలి. వానాకాలం వచ్చిందంటే ఆయన కాలివేళ్ల సందులు నీళ్లలో నాని పాసి, పుండ్లు పడి, ఇంటికి రాగానే పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని మూలిగేవాడట. అది చూస్తూ పెరిగిన నాన్న, "నా భూమిల చెట్లుండాలె. నీడుండాలె. బురద ఉండొద్దు" అనేవాడు. ఇంత స్పష్టంగా కోరుకున్న మనిషి ఊళ్లన్నీ తిరిగి, ఏరి కోరి కొన్నది ఒక బురదగుంట.

సంగతి జూన్ చివర్లో బయటపడింది. పైనున్న గుట్ట మీద పడిన వాన నేల లోపలి నుంచి మెల్లగా దిగివచ్చి మా చేను దగ్గర ఊటగా పైకి తేలింది. కింద వాగు నిండుగా ఉంది కాబట్టి అది పోవడానికి దారి లేదు. మా దిక్కు దీన్ని జాలు పట్టడం అంటారు. జాలు పట్టిన నేల దీపావళి దాటినా ఆరదు. మొదటి రోజు అమ్మ గట్టు దిగి రెండడుగులు వేసింది. కాలు తిరిగి వచ్చింది గానీ చెప్పు రాలేదు.

"ఏందయ్యా ఇది?" అంది అమ్మ.

"కొత్త నీళ్లు. నాలుగు రోజులు పోతే ఇంకుతయి," అన్నాడు నాన్న.

నీళ్లు ఇంకలేదు. నాన్నా తగ్గలేదు. ముందే అనుకున్న ప్రకారం బొప్పాయి మొక్కలు తెచ్చి వరసగా నాటించాడు. వారం తిరిగేసరికి ఆకులు పసుపు రంగుకు తిరిగి, కాడలు వాలి, మొక్కలన్నీ తలలు వంచుకుని నిలబడ్డాయి. ఆకు వాలితే అది దాహమని లోకమంతా అనుకుంటుంది. మా నాన్న లోకానికి వేరు కాదు. నేను ఆ ఆదివారం వెళ్లేసరికి, చీలమండ లోతు నీళ్లలో నిలబడ్డ మొక్కలకు ఆయన బకెట్టుతో నీళ్లు పోస్తున్నాడు. ఆ నీళ్లు కూడా ఎక్కడి నుంచో తెచ్చినవి కావు, ఆ మొక్క పక్కనే ముంచినవి.

"నాన్నా, దానికి దాహం కాదు. ఊపిరాడట్లేదు," అన్నాను.

"చెట్టుకు ఊపిరేంది?"

"ఆకులకు గాలి దొరుకుతుంది. వేర్లకు దొరకట్లేదు. మట్టి రేణువుల సందుల్లో గాలి ఉండాలి, ఆ సందులన్నీ నీళ్లతో నిండిపోయినయ్. గాలి లేక వేరు చచ్చిపోయింది. చచ్చిన వేరు నీళ్లు తాగలేదు. అందుకే ఆకు వాలింది."

నాన్న నా ముఖం కేసి జాలిగా చూశాడు. పిల్లను చదివించి తప్పు చేశానా అని తండ్రులు అప్పుడప్పుడు చూసే చూపు అది. "వేరుకు ముక్కుంటదా?" అని ఇంకో బకెట్టు పోశాడు.

బొప్పాయి పోయాక, మరుసటి ఏడు జామాయిల్ వచ్చింది. మిల్లుకు కర్ర కావాలి కాబట్టి మా ప్రాంతంలో రెండు గజాల ఖాళీ కనబడితే జామాయిల్ నాటే రోజులవి. అదీగాక జామాయిల్ నీళ్లు పీల్చేస్తుందని, ఎంత చెరువునైనా ఎండబెడుతుందని ఊరందరికీ ఒక గట్టి నమ్మకం. నాన్నకు ఇది రెండు విధాల నచ్చింది. చెట్టుకు చెట్టూ అవుతుంది, బురదకు శిక్షా పడుతుంది. నర్సరీ నుంచి ట్రాలీ ఆటోలో మొక్కలు తెచ్చాడు. "ఇవి మామూలియి కావు, క్లోన్లు" అని నాకే చెప్పాడు. నేను వృక్షశాస్త్రం చదివిన సంగతి ఆయన అప్పుడప్పుడు మరిచిపోయేవాడు.

"నీళ్లు తాగడానికి ముందు అది బతకాలి గద నాన్నా," అన్నాను.

"నువ్వు ప్రతిదానికీ అడ్డం మాట్లాడకు బిడ్డా," అన్నాడు.

ఆ మొక్కలు నాన్న మాట నిలబెట్టడానికి చేయగలిగినంత చేశాయి. కొన్ని సెప్టెంబరు దాకా నిలిచాయి. ఆ తర్వాత చాలావరకు ఎండిపోయాయి. నీళ్లలో నిలబడి ఎండిపోవడం ఎలాగో మా చేను చూసినవాళ్లకే తెలుస్తుంది. అమ్మ ఒకదాన్ని పీకి చూపించింది. వేరు నల్లబడి, పట్టుకుంటే తొక్క చేతికి ఊడి వచ్చింది. మురిగిన కోడిగుడ్డు వాసన. నాన్న ఆ వాసన కూడా చూశాడు గానీ ఈసారి తల ఊపలేదు.

విచిత్రమేమిటంటే, ఎవరూ నాటనివి మాత్రం అక్కడ పండగ చేసుకున్నాయి. తుంగ ఊట చుట్టూ గుంపు కట్టింది. జమ్ము మనిషెత్తు లేచి, గోధుమరంగు కంకులు పెట్టి గాలికి ఊగింది. తూటికూర నీళ్ల మీద పాకుతూ, ప్రతి కణుపు దగ్గరా తెల్లటి వేర్లు వదులుతూ, సగం చేను ఆక్రమించింది. డబ్బు పెట్టి తెచ్చినవి చస్తుంటే, పిలవకుండా వచ్చినవి బలుస్తున్నాయని నాన్నకు మండిపోయేది. కొడవలి పట్టుకుని జమ్మును నరికేవాడు. పదిహేను రోజులకు అది నరకనట్టే ఉండేది. ఆయన మిల్లుకు పోయిన రోజుల్లో కూడా ఇంత క్రమం తప్పకుండా డ్యూటీ చేయలేదని అమ్మ అనేది.

నేను మళ్లీ నోరు విప్పాను. వాటి లోపల గాలి పోయే దారులుంటాయని, పైనున్న ఆకు పీల్చిన గాలి ఆ దారుల్లో వేరు కొస దాకా దిగుతుందని చెప్పాను. దాన్ని పుస్తకంలో వాయుగత మృదుకణజాలం అంటారని కూడా చెప్పాను. ఆ మాట పలికేసరికి మనిషికే గాలి అయిపోతుంది. నాన్న వినలేదు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు కూడా వినలేదు కాబట్టి నాకేమీ కొత్తగా అనిపించలేదు.

మూడో వానాకాలం నాటికి నాన్న చివరి అస్త్రం తీశాడు. చేను చుట్టూ కాలువ తవ్వి నీళ్లను వాగులోకి మళ్లించాలని, ఆ పని మొదలుపెట్టే ముందు పాస్టరు గారితో ప్రార్థన చేయించాలని నిర్ణయించుకున్నాడు. పాస్టరు గారు మంచి మనిషి. ఆదివారం ఆరాధన ముగించుకుని, తెల్లచొక్కా, నల్లప్యాంటు, పాలిష్ చేసిన బూట్లతో, మా వెంట చేనుకు వచ్చారు. భూమి మంచిగా పండాలని గట్టు మీద నిలబడి చాలాసేపు ప్రార్థన చేశారు. నేల ఆరాలని ప్రత్యేకంగా అడిగారు. మధ్యలో సన్నటి వాన మొదలైంది. పాస్టరు గారు ప్రార్థన ఆపలేదు.

ప్రార్థన కాగానే నాన్న మిల్లునాటి గమ్‌బూట్లు తొడుక్కుని, కాలువ ఎటు పోవాలో ఆయనకు చూపిస్తానని చేనులోకి దిగాడు. "ఇట్ల పోయి, అట్ల తిరిగి..." అంటూ చేత్తో గాలిలో గీత గీస్తూ, నీళ్లు ఉబికే ఊట కన్ను దగ్గరికి నడిచాడు. అక్కడ అడుగు పెట్టగానే మోకాలు దాకా పోయాడు. ఆ కాలు పీక్కోబోయి రెండో కాలు వేశాడు. అదీ పోయింది. మేం చూస్తుండగానే తొడల దాకా దిగబడ్డాడు.

మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆయన ముఖం చూశాను. ఆ ముఖంలో నేను అంతకుముందు ఎన్నడూ చూడని భయం ఉంది.

"కదలకయ్యా," అని అమ్మ గట్టు మీది నుంచి చెప్పింది. గొంతు పెంచలేదు. "కదిలితే ఇంక లోపలికి పోతవ్. ముందుకు వంగు. పక్కన జమ్ము ఉన్నది, గది పట్టుకో."

నాన్న రెండు చేతులతో జమ్ము గుబురును అందుకున్నాడు. ఆయన నరికీ నరికీ విసిగిన గుబురే అది. తొడల దాకా బురదలో ఉన్న మనిషి బరువంతా దాని మీద పడింది. ఆకులు తెగాయి, రెండు కాడలు విరిగాయి, మొదలు మాత్రం ఊడలేదు. దాని దుంపలు ఒకదాన్నొకటి అల్లుకుని ఆ బురదలోనే ఒక చాప నేసుకున్నాయి. ఆ చాపే మా నాన్నను ఆపింది.

అప్పుడు పాస్టరు గారు చేసిన పనిని నేను ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటాను. ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టి, తెల్లచొక్కాతోనే జమ్ము మీద బోర్లా పడుకున్నారు. పాకుతూ వెళ్లి నాన్న చంకల కింద చేతులు వేశారు. ఆయన కాళ్లు నేను పట్టుకున్నాను, నన్ను అమ్మ పట్టుకుంది. చాలాసేపు లాగాం. చివరికి నాన్న ఒక పెద్ద చప్పుడుతో బయటికి వచ్చాడు. గమ్‌బూట్లు రాలేదు. పాస్టరు గారి చొక్కా ఏ రంగులో ఉందో చెప్పడం కష్టం. కంటి అద్దాల మీద కూడా తుంగపూలు అంటుకుని ఉన్నాయి.

అందరం గట్టు మీద కూర్చుని ఆయాసపడుతున్నాం. నాన్న పిడికిలిలో తెగిన జమ్ము కాడ ఇంకా ఉంది. ఆయాసం తగ్గాక దాని తెగిన కొస కేసి చూశాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంది, లోపలంత గొట్టాలున్నయి," అన్నాడు.

ఆయన గట్టు పక్కన నిలిచిన నీళ్లలో ఆ కాడను ముంచి గట్టిగా ఒత్తాడు. కొస నుంచి సన్నటి బుడగలు వరసగా పైకి వచ్చాయి. మళ్లీ ఒత్తాడు. మళ్లీ వచ్చాయి.

"ఇది ఎయిర్ లైను," అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "పాస్టరు గారూ, ఇటు చూడండి. పైన ఆకు ఉంది గద, గది గాలి గుంజుతది. గీ లైను గుండ కిందికి పోతది. కింద వేరుకు గాలి అందుతది. బురదల ఉన్నా దానికి బాధ లేదు. మా మిల్లుల ట్యాంకు అడుగుకు గాలి గిట్లనే పంపిస్తం."

పాస్టరు గారు అద్దాలు తుడుచుకుంటూ, "దేవుని పని అద్భుతం" అన్నారు.

"నాన్నా, నేను మూడేళ్ల నుంచి చెప్తున్నది ఇదే," అన్నాను.

"నువ్వేడ చెప్పినవ్? ఏందో కణజాలం అన్నవ్. పైపు అని చెప్తే నాకు తెల్వదా?"

మరుసటి వారం కాలేజీలో ఆ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద పైపు బొమ్మ వేశాను. పిల్లలు మొదటిసారి తలలెత్తి చూశారు. నా డిగ్రీ మీద నాకు కలిగిన అభిప్రాయాన్ని ఇక్కడ రాయను.

ఆ రోజు నుంచి నాన్న కాలువ మాట ఎత్తలేదు. చేనులో కనబడ్డ ప్రతి మొక్కనూ కోసి, ఒత్తి, లోపల లైను ఉందో లేదో చూడడం మొదలుపెట్టాడు. తూటికూరలో ఉంది. తుంగలో ఉంది. అమ్మ ఇంటి వెనక తూము దగ్గర పెంచే చేమగడ్డ కాడలో కూడా ఉంది. చావకుండా మిగిలిన నాలుగైదు జామాయిల్ మొక్కల దగ్గర మాత్రం ఆగిపోయాడు. వాటిలో గొట్టాలు లేవు. కానీ నీటి మట్టం తాకే చోట బెరడు ఉబ్బి, చీలి, ఎర్రటి కొత్త వేర్లు గడ్డంలాగా వేలాడుతున్నాయి. కింది వేర్లు చచ్చిపోతే, గాలికి దగ్గరగా ఉండే చోట కొత్తవి పెట్టుకున్నాయని చెప్పాను. "బైపాస్ లైను," అన్నాడు వెంటనే. నేను ఒప్పుకున్నాను. వేరే దారి లేదు.

ఇంతదాకా వచ్చాక ఒక ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఒక ఆదివారం అన్నం తింటూ అడగనే అడిగాడు.

"మనం తినేటియి, గొట్టాలున్నయి, ఇంక ఏమున్నయి?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కంచం వైపు చూసింది.

"వరి," అన్నాను.

నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదట. అమ్మ పెళ్లికి ముందు నాట్లకు పోయిన మనిషి. ఆమె ఇక ఆయనను అడగలేదు, చెప్పింది. "వచ్చే వానాకాలం నేను నాటేపిస్త. నువ్వు దిగకు. గట్టున కూసో."

అన్నట్టే మరుసటి ఏడు నారు పోయించింది. ఊట కన్ను దగ్గర జమ్మును కదపకుండా వదిలేసి, మిగతా చేను నీళ్లలోనే దున్నించి దమ్ము చేయించింది. నాటు రోజు నేను సెలవు పెట్టి వచ్చాను. పక్క ఊరి ఆడవాళ్లు వాళ్ల కోయ మాటల్లో నవ్వుకుంటూ వరసగా వంగి నాటుతున్నారు. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వాళ్లలో ఒకతె అయిపోయింది. నాన్న గట్టు మీద గొడుగు వేసుకుని, ముఖం ముడుచుకుని, ఎవరో తన పరువు నాటుతున్నట్టు కూర్చున్నాడు.

కొంతసేపటికి ఒక కట్ట నుంచి నారు మొక్క లాగి, బ్లేడుతో మొదలు కోసి చూశాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఉన్నదా?" అన్నాను.

"అవ్, ఉన్నది." ఆ మొక్కను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "గింత మొక్కకు ఇచ్చిండు దేవుడు. మా నాయిన కాళ్లకు ఇయ్యలే."

ఏ సంగతికైనా నా దగ్గర ఒక ఎత్తిపొడుపు సిద్ధంగా ఉంటుందని మా ఇంట్లో పేరు. ఆ రోజు కట్టలోంచి ఇంకో నారు మొక్క తీసి ఆయన చేతికిచ్చాను.

మధ్యాహ్నం దాటాక చూస్తే నాన్న గట్టు మీద లేడు. అవతల కానుగ చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి, పెద్ద గిన్నెలో నీళ్లు కాగబెడుతున్నాడు. నాటు అయిపోయి ఆడవాళ్లు గట్టెక్కేసరికి ఆ నీళ్లు చెంబుతో తెచ్చి, ఒక్కొక్కరి కాళ్ల మీద తానే పోశాడు. వాళ్లు సిగ్గుపడి వెనక్కి జరిగారు. "జరగకండమ్మా, వేళ్ల సందుల్ల మంచిగ కడుక్కోండి" అని కొబ్బరినూనె సీసా అందరికీ తిప్పాడు. అమ్మ వంతు చివర వచ్చింది.

"గింత సేవ మా అత్తగారి ఇంట్ల ఇన్నేండ్లు ఎన్నడు చూడలే," అంది అమ్మ.

"మాటలాపి కాలు చాపు," అన్నాడు నాన్న.

కలుపు తీసే రోజుల్లో ఆయన నాకు ఫోన్ చేశాడు. కాలేజీ ఆఫీసు ఫోనుకు, క్లాసు మధ్యలో. "బిడ్డా, వేర్లకు తుప్పు పట్టింది, ఏం మందు కొట్టాలె?" అని కంగారు. బురద నల్లగా ఉంటే వేర్లు మాత్రం ఎర్రగా ఉన్నాయట. నేను చెప్పాను. వేరులోకి వచ్చిన గాలి కొంచెం బయటికి కారుతుంది, బురదలో ఉన్న ఇనుముకు ఆ గాలి తగిలి వేరు చుట్టూ తుప్పులాగా పేరుకుంటుంది, వేరు బతికి ఉందనడానికి అదే గుర్తు.

"అంటే లైను లీకైతుందన్నట్టు."

"అవును నాన్నా."

"లీకైతే మంచిదా?"

"ఇక్కడ మంచిదే."

"మా ఫోర్‌మన్ వింటే కొడతడు," అని పెట్టేశాడు.

పంట చేతికొచ్చింది. గొప్పగా కాదు, ఊట పక్కన కొంత పడిపోయింది. ఆ బియ్యం మొదటిసారి వండినప్పుడు నాన్న రెండుసార్లు పెట్టించుకుని, "కొత్త బియ్యం, ముద్దైతుంది" అని వంక పెట్టాడు. చర్చిలో కోతపండుగకు ఒక వరి కట్ట, ఒక గంప చేమగడ్డ తీసుకుపోయాడు. పాస్టరు గారు ప్రసంగంలో ఆ బురద సంగతి చెప్పారు. ఆయన నోట ఆ బురద మెడ లోతు అయింది, లాగినవాళ్లలో అమ్మా నేనూ లేము. నాన్న వింటూ కూర్చున్నాడు. "పోనీ, ఆయన చొక్కా కూడా పోయింది గద" అన్నాడు ఇంటికొచ్చాక.

ఆయన చెట్ల కోరిక కూడా పూర్తిగా వట్టిపోలేదు. వాగు ఒడ్డున వేళ్లు నీళ్లలో పెట్టుకుని పెరిగే తెల్లమద్ది మొలకలు ఏరుకొచ్చి గట్టు వెంట పెట్టాడు. జాలు వాటికి అలవాటైన ఇల్లే. నీళ్లు వాటిని ఏమీ చేయలేదు గానీ, పక్క చేను మేకలు మాత్రం వదల్లేదు. కొన్నేళ్ల పాటు ఆ మేకలతో, వాటి యజమానితో నాన్న రోజూ జగడం పెట్టుకున్నాడు. రిటైరైన మనిషికి ఒక పని ఉండాలని డాక్టర్లు కూడా చెప్తారు. నాలుగు మద్దులు బతికాయి. నీడ ఇచ్చేంత ఎత్తుకు వచ్చాక, నాటు రోజున ఆడవాళ్ల సద్ది డబ్బాలు వాటి కొమ్మలకే వేలాడేవి.